మంచులో పసుపు పోగు

కంపెనీ బస్సు ఇందుకూరుపేట దాటేసరికి అంకాలమ్మ తొమ్మిదో వరస ముగించి పదో వరసకి సూది తిప్పింది. బయట ఇంకా సరిగ్గా తెల్లారలేదు, బస్సులో లైటు వెయ్యరు, అయినా ఆమెకి వెలుతురుతో పనేముంది, వేళ్ళే చూసుకుంటాయి. సూది గుచ్చు, దారం చుట్టు, లాగు, దించు. మలుపు దగ్గర బస్సు ఒరిగితే ఆమె కూడా ఒరుగుతుంది, కుట్టు మాత్రం జారదు.

డిసెంబరులో కూడా కిటికీ తెరిచి కూర్చునే ఈ సముద్రపు ఒడ్డున ఊలు టోపీ అల్లేదేమిటని కొత్తగా చేరినవాళ్ళు నవ్వుతారు. నవ్విన వారానికి వాళ్ళే వచ్చి, 'పెద్దక్కా, నాకూ ఒకటి' అంటారు. చలికాలం ఈ ఊళ్ళకి రాదు, ఊళ్ళవాళ్ళే రోజూ ఆరున్నరకి వేలిముద్ర వేసి దాని లోపలికి పోతారు. రొయ్యల కంపెనీలో ఐసు నీళ్ళు, ఏసీ గాలి, దాని వెనక కోల్డ్ స్టోరేజీ. పద్దెనిమిదేళ్ళుగా మూడో బల్ల దగ్గర నిలబడి రొయ్యల్ని సైజులుగా ఏరుతున్న అంకాలమ్మకి నలభై ఎనిమిదేళ్ళు. పొడుగు మనిషి, బల్ల పొట్టిది, అందుకే భుజాలు ముందుకి వంగి అలాగే ఉండిపోయాయి. వేళ్ళ కొసలు ఎప్పుడూ నానిన శనగల్లా తెల్లగా ఉంటాయి.

అల్లిక నేర్పింది ఆసుపత్రి ఆయా రెబెక్కమ్మ. కాన్పుకి ముందు పది రోజులు మంచం దిగొద్దంటే, ఊరికే ఏడుస్తూ పడుకోకమ్మా అని రెండు సూదులు చేతిలో పెట్టింది. పిడికెడంత టోపీ తయారైంది. బిడ్డ దక్కలేదు. తర్వాత ఇంకొకరు పుట్టనూ లేదు. అప్పటినుంచీ ఇంట్లో ఎన్ని తలలుంటే అన్ని టోపీలు. కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోసే భర్త హజరత్తయ్యకి నీలం, కృష్ణపట్నం పోర్టులో లారీ తోలే మరిది పెంచల్‌కి నలుపు, కలిసిపోకుండా ఒక్కొక్కరికి ఒక్కో రంగు. పెంచల్ పెళ్ళాం వనజాక్షికి పసుపు. ఆ పిల్లని కంపెనీలో చేర్పించింది అంకాలమ్మే, తన బల్ల దగ్గరే నిలబెట్టుకుంది, మొదటి వారంలోనే చెవిపోటొచ్చి ఏడుస్తుంటే ఆ ఆదివారమే కూర్చుని అల్లి తలకి తొడిగింది.

ఆ వనజాక్షి, అంకాలమ్మ భుజం దాకా వచ్చే పొట్టిమనిషి, ఇప్పుడు పక్క సీట్లో ఆవలించి ఒళ్ళు విరుచుకుంది.

"ఏందక్కా, ఇంకోటా? ఉన్నదానికే నన్ను బంతిపువ్వు అంటన్నారు."

"అననీలేమే. చెవి పోటెత్తితే బంతిపువ్వు, చామంతిపువ్వు ఏదీ గుర్తుకు రాదు. పాతది వదులైపోలా? రాత్రి ఉతికి తీగ మీదేసినా, పొద్దున చూస్తే ఇంకా నీళ్ళు కారతా ఉండాది. ఈ పొద్దుకి టోపీ లేకుండానే ఉండు."

"ఒక్క పొద్దుకేం కాదులే" అని వనజాక్షి ఆమె భుజానికి తల ఆనించి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

కంపెనీ గేటు కనిపించేసరికి ఊలు ఉండ అయిపోయింది. కొత్త ఉండ కొసని పాత కొసకి కలిపి రెండు ముళ్ళు వేసింది అంకాలమ్మ. ముడి సరిగ్గా పడలేదనిపించి, దాన్ని పంటితో కొరికేసి మళ్ళీ వేసింది. కొరికిన ముక్క చిటికెనవేలంత ఉంది. బస్సులో చెత్త పడెయ్యడం ఆమెకి చేతకాదు, దిగాక పారేద్దామని రెండు ముళ్ళతో సహా దాన్ని మెడ పక్కన పైటకి అంటించుకుంది. అంతలో అందరూ లేచారు, సంచి సర్దుకుంది, దిగింది, మర్చిపోయింది.

లోపలికి పోయే ముందు తెల్లకోటు, వలటోపీ, మాస్కు తొడుక్కున్నాక ఒంటిమీద జిగురు రోలరు దొర్లిస్తారు, వెంట్రుకో పోగో ఉంటే దానికి అంటుకుంటుంది. రోలరు పట్టుకున్న కామమ్మ వనజాక్షిని ముందుకీ వెనక్కీ తిప్పి చేతులెత్తించి నెత్తి దాకా దొర్లించింది. అంకాలమ్మ వంతు వచ్చేసరికి, "నీకెందుకులే పెద్దక్కా, నువ్వు మాకు నేర్పినదానివి" అని వీపుమీద ఒక్క గీత గీసి వదిలేసింది, కోటు మెడ దగ్గర చూడనేలేదు. అంకాలమ్మకి అది బాగానే అనిపించింది. పద్దెనిమిదేళ్ళలో సంపాదించుకున్న గౌరవం అది.

పదకొండు గంటలకి క్వాలిటీ చూసే సుప్రియ ఒక రొయ్యల మంచుదిమ్మని రెండు చేతులా మోసుకొచ్చి మూడో బల్లమీద పెట్టింది. వెనకే షిఫ్టు ఇన్‌ఛార్జి చంద్రమౌళి. పొద్దున మొదటి ట్రేలలో సర్దిన సరుకు అది, గడ్డకట్టి వచ్చింది. అద్దంలాంటి మంచు, అందులో వరసగా పడుకున్న రొయ్యలు, రెండు రొయ్యల మధ్య పసుపు ఊలు పోగు. చిటికెనవేలంత. ఒక కొసన రెండు ముళ్ళు.

అంకాలమ్మ ఆ ముళ్ళని చూసింది. తన ముడి తనకి తెలియదా.

"ఊలు టోపీలు బల్లల దగ్గర వద్దని ఎన్నిసార్లు చెప్పాను? చలి కదా పాపమని చూసీ చూడనట్టు వదిలేస్తే ఇదా?" చంద్రమౌళి అరవలేదు, అరిచినా బాగుండేది. "ఇది దేశం దాటాక బయటపడుంటే మనమందరం ఇళ్ళకి పోవాల్సిందే. పసుపుది ఎవరిదో అందరికీ తెలుసు. వనజాక్షీ?"

"నేనీ పొద్దు పెట్టుకోలా సార్. ఇంటికాడ తీగమీద ఆరతా ఉండాది."

"రోజూ పెట్టుకునేదానివి, సరిగ్గా ఈరోజే పెట్టుకోలేదా? నేనొస్తున్నానని తీసి దాచావా?"

"నిజం సార్. మా అక్కనడగండి."

బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ అంకాలమ్మ వైపు తిరిగాయి. చెప్పడానికి ఎంత మాట? తీగమీదే ఉంది సార్, నేనే ఉతికినాను. కానీ ఆ మాట చెప్పిన వెంటనే రెండో ప్రశ్న వస్తుంది, మరి ఈ పసుపు ఎక్కడిదని. సంచిలో సగం టోపీ ఉంది. రేపటినుంచి ఈ బల్ల ఉండదు, పెద్దక్కా అన్న పిలుపు ఉండదు, పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలో తెలియదు. ఆమె నోరు తెరిచింది. మాస్కు లోపలికి పోయి పెదాలకి అతుక్కుంది, మళ్ళీ వదులైంది. అంతే.

వనజాక్షి ఆమె వైపు చూసింది. తర్వాత మంచుదిమ్మ మీదికి వంగి ఆ రెండు ముళ్ళని చూసింది. మళ్ళీ అంకాలమ్మని చూసింది. ఈసారి చూపు వేరు. ఎంతసేపని, చేతిలోంచి రొయ్య జారి తొట్లో పడేంతసేపు.

"నాదే సార్" అంది. "పాత పోగేదో ఒంటికి అంటుకునుంటాది."

చంద్రమౌళి ఆమె నంబరు రాసుకున్నాడు. ఇక రావద్దన్నాడు. వనజాక్షి చేతులు కడుక్కుని, బల్ల చుట్టూ తిరిగి అంకాలమ్మ పక్కనుంచి పోతూ ఆగింది.

"అక్కా, సాయంత్రం నాకు సీటు పట్టబాక. ఆటో దొరికితే పోతా." మాస్కు పైన కళ్ళు నవ్వడానికి ప్రయత్నించాయి. "ఇంక నాకు చెవిపోటు బాధ లేదులే."

తలుపుకి వేలాడే ప్లాస్టిక్ పట్టీలు రెండుసార్లు ఊగి ఆగిపోయాయి.

భోజనాల దగ్గర హజరత్తయ్య నీలం టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎర్రబడిన చెవుల్ని అరచేతులతో రుద్దుకుంటూ అన్నాడు. "వనజ టోపీ ఇంట్లోనే కదమే ఉండేది? పొద్దున మొహం కడుక్కుంటా నేనే చూస్తి, తీగమీదుండె."

"గట్టిగా మాట్లాడబాక."

"అదికాదు, మరి ఆ పోగు..."

"అన్నం తిను" అంది అంకాలమ్మ. ఆమె ముద్ద కలుపుతోంది కానీ నోట్లో పెట్టుకోవడం లేదు. హజరత్తయ్య ఆ చేతిని చూశాడు. ఆమె మొహం చూశాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మొహం అతనికి తెలియనిది కాదు. తలొంచుకుని చారు పోసుకున్నాడు. అతను తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేదేమో.

రెండింటికి ఆమె చంద్రమౌళి గది దాకా పోయింది. చెప్పేద్దామనే పోయింది. దారంతా ఒకటే మాట మనసులో అప్పజెప్పుకుంది, అది నాది సార్, అది నాది సార్. తలుపు దగ్గర గ్లౌజులు తీసి పట్టుకుని నిలబడింది. చేతుల్లోంచి నీళ్ళు చాపమీద కారుతున్నాయి.

"ఏం అంకాలమ్మా?" చంద్రమౌళి తలెత్తాడు. గొంతు మెత్తగా ఉంది. "నీ తోడికోడలని బాధగా ఉందా? ఏం చేస్తాం చెప్పు. నీలాంటివాళ్ళు ఇంకో పదిమందుంటే నాకీ గొడవలే ఉండవు. ఇన్నేళ్ళలో నీమీద ఒక్క మాట రాలేదు. రేపు వచ్చే కొత్తపిల్లకి కూడా నువ్వే నేర్పు."

అది నాది సార్. మాట నాలుక చివరికి వచ్చింది.

"ఐసు తక్కువైంది సార్" అంది. "మూడో బల్లకి."

"పంపిస్తాను, పో."

ఆమె వెనక్కి వచ్చేసరికి ఐసు వచ్చేసింది కూడా. నిండా రెండు తొట్లు. చేతులు రెండూ అందులో ముంచి, చలి మోచేతుల దాకా ఎక్కేవరకూ తియ్యలేదు. పక్కన ఖాళీ. ఏరిన చిన్నసైజు రొయ్యల్ని అలవాటుగా ఆ పక్కకి నెడుతూనే ఉంది, అందుకునే చేతులు లేక అవి కుప్పపడ్డాయి.

షిఫ్టు అయిపోయింది. ఆడవాళ్ళ గదిలో ఒకటే సందడి, తెల్లకోట్లు విడవడం, జడలు విప్పుకోవడం, బస్సు వెళ్ళిపోతుందని కేకలు. లోపలికి గాజులు, పూలు, బొట్టుబిళ్ళలు వేసుకుపోకూడదు. అందుకని పొద్దున పోయేటప్పుడు ఎవరి బొట్టుబిళ్ళ వాళ్ళు తీసి గోడ అద్దానికి అంటించి పోతారు, వచ్చేటప్పుడు తీసుకుని పెట్టుకుంటారు. ఎవరిది ఎక్కడో ఎవరికీ తడుముకోనక్కర్లేదు. ఒక్కొక్కరే వచ్చి, అద్దంలో మొహం చూసుకుని, బిళ్ళ గిల్లి తీసి నుదుట నొక్కుకుని వెళ్ళిపోయారు. అంకాలమ్మ తనది తీసుకుంది. వేలి కొస చల్లగా ఉండి అది నుదుట అంటుకోలేదు, రెండోసారి నొక్కింది.

"పెద్దక్కా, రా, బస్సు!" బయటనుంచి కామమ్మ కేక.

అద్దం ఖాళీ అయింది. కింది అంచుకి దగ్గరగా, పొట్టిమనిషికి అందే ఎత్తులో, మెరూన్ రంగు చిన్న బిళ్ళ ఒకటి తడికి ఒక పక్క లేచి అలాగే అంటుకుని ఉంది.