ఆంజనేయులు వారం

ఉమ్మడి బావికి నీళ్ల వంతులు పెట్టుకోవడం పెనుకొండ చుట్టుపక్కల రైతులకు కొత్తేమీ కాదు. కారుకు వంతులు పెట్టుకున్న ఘనత మాత్రం వెంకటరాముడికీ ఆంజనేయులుకీ దక్కింది.

ఇద్దరి చేలూ పక్కపక్కనే. రెంటికీ కలిపి ఒకటే బావి. ఒక వారం ఇతనికి, ఒక వారం అతనికి. ఆ బావి ఎండిపోయి, గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాకుండా పోయాక, ఇద్దరూ చెరి సగం వేసుకుని హిందూపురంలో పాత తెల్ల కారొకటి కొన్నారు. బావి వంతులే కారుకూ వచ్చాయి. సోమవారం పొద్దున తాళంచెవి చేతులు మారేది.

వంతు ఎవరిదైనా తిరిగేది మాత్రం ఇద్దరూ కలిసే. వంతు ఉన్నవాడు నడిపేవాడు, లేనివాడు పక్కన కూర్చుని వంకలు పెట్టేవాడు. వరసకు బావాబామ్మర్దులు. ఎవరు బావో, ఎవరు బామ్మర్దో ఎన్నడూ తేలకపోవడంతో ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకునేవారు.

తగువంతా దిగుడు దారిలో వచ్చేది. దిగుడు కనబడితే చాలు, వెంకటరాముడు రెండో గేరుకు దించి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, బరువంతా ఇంజన్ చేత పట్టించేవాడు. కారు గుర్రుమంటూ, వెనకనుంచి పలుపు పట్టి లాగిన దున్నపోతులా దిగేది. ఆ అరుపు వింటే ఆంజనేయులుకు పళ్లు జిల్లుమనేవి.

"బ్రేకు యాటికి పెట్టినారు బావా, కాలు ఆనించుకునేకా? గేర్‌బాక్సును ఇట్ల పీడిస్తే దాని పండ్లు నిలుస్తాయా? ఆమడగూరులో మా చిన్నాయన జీపు ఇట్లనే చేసీ చేసీ, ఒగ దినం సైలెన్సర్‌లోంచి గేరుపండ్లు టపటపా రాలినాయి. పిల్లోళ్లు ఏరుకోని అచ్చనగాయలు ఆడుకున్యారు."

"బ్రేకులు కాలిపోతే యాడికి పోతావు? మడకశిర పక్క ఒగ లారీ డ్రైవరు బ్రేకే తొక్కకుండా ఫస్టు గేర్‌లో కొండ దిగినాడు. ఎంత నెమ్మదిగానో తెల్సునా? నడాన ఆకలైతే కిందికి దూకి, సంగటి తిని, చెయ్యి కడుక్కోని మళ్లా ఎక్కినాడు. లారీ ఇంగా మలుపే తిరగలా."

"సంగటిలోకి ఏం కూర?"

"చెనక్కాయ ఊరిబిండి."

"ఆఁ, అట్లయితే నిజమే అయ్యుంటాది," అనేవాడు ఆంజనేయులు.

ఇట్లా నడుస్తుండగా ఒక రోజు పెనుకొండ కొండ మీదికి వెళ్లి దిగుతుంటే, కారు అడుగున కొత్తగా ఒక మూలుగు మొదలైంది. వారం వెంకటరాముడిది. గేరు రెండోది. ఆంజనేయులు ఆ రోజు జీపు కథ చెప్పలేదు.

"నా సగం నువ్వు తినేసినావు బావా," అన్నాడు, మొహం పక్కకు తిప్పుకుని.

దానికో అబద్ధంతో జవాబిచ్చి ఉంటే అక్కడితో పోయేది. వెంకటరాముడికి కోపం వచ్చింది. "నీ సగం ఏదో చూపీ. కోసి ఇస్తా, ఎత్తుకోని పో."

ఆంజనేయులు కారు ఆపించి, మలుపులో దిగి, కొండంతా నడిచి దిగాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే చేను గుత్తకిచ్చి ధర్మవరం వెళ్లిపోయాడు. అక్కడ కూతురు భాగ్యశ్రీకీ అల్లుడు గిరిధర్‌కీ పట్టుచీరల అంగడి ఉంది. పోతూ పోతూ కారులో తన భాగం అడగలేదు. వద్దనీ అనలేదు. సోమవారాలకు రావడం మాత్రం మానేశాడు.

అది జరిగి రెండేళ్లు.

వెంకటరాముడు వంతు తప్పలేదు. తన వారంలో కారు తీసేవాడు. ఆంజనేయులు వారం వస్తే కారుకు పట్ట కప్పేసి, ఎండలో బస్సు కోసం నిలబడేవాడు.

"ఇంటి ముందర కారు పెట్టుకోని ఎవురన్నా బస్సు కోసరం మాడిపోతారా? నీకేమన్నా తిక్క పట్టిందా?" అనేది పెళ్లాం కుళ్ళాయమ్మ.

"ఇది ఆంజనేయులు వారమే."

"ఆయప్పకు గుర్తుండాదో లేదో, నీకు మాత్రం క్యాలెండరే!"

తన వారంలో మాత్రం ఏం సుఖం? ఎడమవైపు సీటు ఖాళీగా, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు ఉండేది. దిగుడు దారుల్లో ఆయన పట్టుదలగా రెండో గేరుకే దించేవాడు. ఆ అరుపుకు పక్కనుంచి ఎవరూ మూలగకపోతే, గెలిచినట్టే అనిపించేది కాదు. పైగా రెండేళ్ల అబద్ధాలు లోపల పేరుకుపోయాయి. ఉండబట్టలేక ఒకసారి, కొత్తచెరువు బస్టాండులో ఒక మేక కండక్టరు ఈల వేస్తేనే బస్సెక్కుతుందని కుళ్ళాయమ్మకు చెప్పాడు. "ఎవురు చూసినారు?" అందామె. ఆ మేక అక్కడికక్కడే చచ్చిపోయింది. అబద్ధం బతకాలంటే, దానికి గడ్డి వేసేవాడొకడు ఎదురుగా ఉండాలి.

ఈ నడుమ కారు మూలుగు ముదిరి ఏడుపైంది. హిందూపురంలో మెకానిక్ అమర్‌నాథ్ కారును ఒకసారి నడిపి చూసి, "గేర్‌బాక్సు దించల్లన్నా," అన్నాడు.

"నా ఒక్కనిదైతే ఇప్పుడే దించు. సగం పాలోడు రాకుండా విప్పేకి లేదప్పా."

"సగమే విప్పుతాలే," అని నవ్వాడు అమర్‌నాథ్.

వెంకటరాముడు నవ్వలేదు. ఉమ్మడి బావి మోటరు పైకి తీయాలన్నా పాలోళ్లు ఇద్దరూ గట్టున నిలబడాల్సిందే. అది ఊరి కట్టు. ఉన్న మాట చెప్పుకోవాలంటే, కారు చెడిందని తేలగానే ఆయన గుండె పండగ చేసుకుంది. రెండేళ్లుగా దొరకని సాకు దొరికింది. కారు షెడ్డులోనే వదిలేసి, ధర్మవరం రైలెక్కాడు.

అంగట్లో ఆంజనేయులు చీరల నడుమ కూర్చుని ఉన్నాడు. కాస్త చిక్కాడు. వెంకటరాముడిని చూసి, గిరాకీని చూసినట్టు చూశాడు.

"రాప్పా. ఏం చీర చూపీల్ల? మా కుళ్ళాయమ్మక్కకా?"

"చీరకు రాలేదు బావా. కారు గేర్‌బాక్సు విప్పల్లంట."

"రాలినాయా పండ్లు?"

"విప్పితే కదా తెలిసేది. నువ్వు రావల్ల."

ఆంజనేయులు ముందున్న చీరను మడత పెట్టాడు. మడత సరిగ్గా రాలేదు. విప్పి మళ్లీ పెట్టాడు. "నేనెందుకు? ఈ వారం నీది గదా. నువ్వే విప్పించుకో."

రెండేళ్లుగా కారు మొహం చూడని మనిషికి, ఈ వారం ఎవరిదో తెలుసు! వెంకటరాముడు ఆనందం మొహంలోకి రాకుండా అదిమిపెట్టుకుని లేచాడు.

"నిజమే. ఈ వారం నాది, నేను విప్పను. సోమారం నుంచి నీది. నీ బండి, నీ ఇష్టం. హిందూపురంలో అమర్‌నాథ్ షెడ్డు కాడ ఉంటా." వెనక్కి చూడకుండా వచ్చేశాడు. చూస్తే, రమ్మని బతిమాలేవాడే.

సోమవారం పొద్దున్నే వెళ్లి షెడ్డులో ఒక టైరు మీద కూర్చున్నాడు. టీలు తాగాడు. రైలు కూత వినబడినప్పుడల్లా లేచి రోడ్డు వైపు నడిచి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక, నెత్తిన తువ్వాలు వేసుకుని ఆంజనేయులు వచ్చాడు. వెంకటరాముడిని పలకరించలేదు. కారు దగ్గరికి పోయి బానెట్ మీద చెయ్యి వేశాడు. "పానం ఎట్లుండాదే?" అని దాన్నే అడిగాడు.

అమర్‌నాథ్ కారు కింద పళ్లెం పెట్టి, గేర్‌బాక్సు ఆయిల్ బిరడా విప్పాడు. ఇద్దరూ వంగి చూశారు. ధార రావాల్సిన చోట, కాటుకలాంటి చుక్కలు నాలుగు రాలి ఆగిపోయాయి. బాక్సు దించి తెరిస్తే గేరు పళ్లు చక్కగా మెరుస్తున్నాయి. అరిగిపోయి ఏడుస్తున్నది ఒక బేరింగు.

"సీలు కారి ఎండిపోయిందన్నా. దీంట్లో నూనె పోసి ఎన్నేండ్లయింది?"

పాలోళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీ వారంలో నువ్వు పోసింటావనుకున్యా," అన్నాడు వెంకటరాముడు.

"నీ వారంలో నువ్వు పోసింటావని నేను," అన్నాడు ఆంజనేయులు.

"మరి రెండో గేర్‌లో దిగేది?" వెంకటరాముడు ఉండబట్టలేక అడిగాడు. "దాని వల్ల ఏం కాలేదా?"

"ఇంజన్‌తో పట్టిస్తే గేర్‌బాక్సుకేం గాదు. ఎనక్కి పట్టేకి కూడా చేసిందే అది. గేరు దించేటప్పుడు క్లచ్చి మీద సగం కాలు పెట్టుకోని ఈడిస్తే మాత్రం క్లచ్చి ప్లేటు పోతాది. ఊరికే బ్రేకే తొక్కుతా దిగితే బ్రేకు ప్యాడ్లు పోతాయి. ఏదో ఒగటి అరగకుండా బండి దిగుతాదా?"

గెలిచాడు వెంకటరాముడు. గెలుపు నోట్లో చప్పగా ఉంది. తప్పు గేరుదీ కాదు, బ్రేకుదీ కాదు అని తేలిపోతే ఇక పోట్లాడడానికేముంది? పోట్లాటే లేకపోతే ఈ మనిషి మళ్లీ ఎందుకు వస్తాడు?

ఆంజనేయులు ఒక గేరును వేలితో తిప్పి చూస్తూ అన్నాడు: "ఆపొద్దు అడిగితివి గదా, నా సగం ఏదని. ఇప్పుడు తెలిసింది బావా. పండ్లన్నీ నావి. పోయిన బేరింగు నీది."

రెండేళ్ల తర్వాత ‘బావా’ అన్నాడు. వెంకటరాముడు తువ్వాలుతో మొహం తుడుచుకుని, షెడ్డులో ఉక్కగా ఉందన్నాడు.

సాయంత్రానికి కారు సిద్ధమైంది. వారం ఆంజనేయులుది కనుక అతనే నడిపాడు. దారిలో ఇద్దరూ వానల గురించి, బేరింగు గురించి మర్యాదగా మాట్లాడుకున్నారు. ఆ మర్యాద వెంకటరాముడిని పోట్లాట కంటే ఎక్కువ బాధ పెట్టింది. పెనుకొండ దాటాక ఊరి క్రాసులో ఆయన్ని దింపి, ఆంజనేయులు ధర్మవరం వెళ్లిపోయాడు.

"వచ్చే సోమారం ఆయప్పే తెస్తాడా, అల్లునితో పంపుతాడా?" అడిగింది కుళ్ళాయమ్మ.

"అడగలా."

"అడిగేకేం రోగం?"

"అల్లునితో పంపిస్తా అంటాడేమోనని."

ఆ వారం బస్సు కోసం నిలబడుతుంటే ఎండ కూడా తెలియలేదు. గిరిధర్ తాళంచెవి ఇచ్చిపోతే అంతటితో సరి. కారు ఉంటుంది, వంతు ఉంటుంది, మనిషి ఉండడు.

సోమవారం వెంకటరాముడు ఉతికిన చొక్కా తొడుక్కుని వాకిట్లో కూర్చున్నాడు. మునుపైతే ఆ మూలుగు అంత దూరంలో వినబడితే చాలు, తమ కారని తెలిసేది. ఇప్పుడది మూలగదు. రోడ్డు మీద పోయే ప్రతి కారూ అదే కావచ్చు. ఒక్కొక్కదానికీ మెడ నిక్కించి, ఒక్కొక్కదానికీ దించుకున్నాడు. ఎండ వాకిలి సగానికి వచ్చాక తెల్ల కారొకటి రోడ్డు దిగి ఇంటివైపు తిరిగింది. అద్దం మీద ఎండ పడి, లోపల ఎవరున్నారో కనబడలేదు.

తలుపు తీసుకుని దిగింది ఆంజనేయులే.

"ఇదో నీ వారం," అని తాళంచెవి చేతిలో పెట్టి, తువ్వాలు దులుపుకుని వెనక్కి తిరిగాడు.

"యాడికి?"

"బస్సుకు."

"నా వారంలో నా కారుండంగా నువ్వు బస్సులో పోతే, ఊళ్లో నా మొహాన ఉమ్మరా? ఎక్కు, ధర్మారంలో దింపొస్తా."

ఆంజనేయులు ఆగి, లెక్క వేశాడు. "సరే. వచ్చే సోమారం నువ్వు బండి తెచ్చి నాకిస్తావు. మరి నువ్వెట్ల వస్తావు ఇంటికి?"

"నీ వారం గదా. నువ్వు దింపల్ల."

"ఆ పై వారం మళ్లా నేను తెస్తే నువ్వు దింపుతావు."

"దింపకేం జేస్తా?"

"అంటే ఈ బండి మనల్ని మనం దింపుకునేకి తప్ప దేనికీ పనికిరాదన్నమాట!"

"సంగటి తిని పోండి ఇద్దరూ," అని లోపల్నుంచి కేకేసింది కుళ్ళాయమ్మ.

తిని బయల్దేరారు. దిగుడు వచ్చింది. వెంకటరాముడు రెండో గేరుకు దించాడు. ఇంజన్ గుర్రుమంది.

"క్లచ్చి పోతాది బావా," అన్నాడు ఆంజనేయులు, పళ్లు జిల్లుమంటుంటే.

"పోనీ. దాన్ని విప్పల్లంటే మళ్లా ఇద్దరం ఉండల్ల."

ఆంజనేయులు సీటు వెనక్కి జరుపుకుని, కాళ్లు చాపి, గొంతు సవరించుకున్నాడు. "మా అంగడికి మొన్న ఒగామె వచ్చింది. చీర ఎంత పొడుగుండాదో చూడల్లని ఒగ కొస పట్టుకోని నడిచింది, నడిచింది... ఆమె పెనుకొండ చేరింది గానీ ఇంగో కొస నా చేతిలోనే ఉండాది..."

దిగుడు అయిపోయింది, దారి చదునైంది. వెంకటరాముడు మాత్రం గేరు మార్చలేదు. వెనక వచ్చే లారీలన్నీ హారన్ కొట్టి దాటిపోతుంటే, కారును రెండో గేరులోనే నడిపాడు. చీర ఇంకా చాలా ఉంది, ధర్మవరం చూస్తే మరీ దగ్గర.