హ్యాంగర్ల మీది గిరాకీ

ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీ సగం మూతపడ్డాక కొత్త బట్టలు కుట్టించుకునే మారాజు ఒక్కడూ మిగల్లేదు. టైలరు కొట్టులోకి ఈగలు కూడా మొహమాటానికి వచ్చిపోతున్నట్టుండేది. ఇలాగే సాగితే నెలాఖరుకి కొట్టు ఖాళీ చేయాల్సిందే. ఇక లాభం లేదనుకుని, ఏళ్ల తరబడి పక్క మిషన్ మీద పనిచేసిన కాజాల తమ్ముణ్ణి మానిపించేశాడు. బొత్తాం దూరే కాజాలు చేత్తో కుట్టడంలో అతనికి అతనే సాటి, అందుకే ఆ పేరు.

మానిపించిన రోజు టైలరు అతని మొహం చూడలేక, గుడ్డ మీద గీతలు గీస్తూ మాట్లాడాడు. "పని లేదు తమ్ముడూ. ఉంటే నిన్నొదులుకుంటానా?"

"అంత మాటెందుకు మాస్టారూ, నాకు తెలీదా" అని అతను మిషన్‌కి తొడుగు వేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత దిగాడండీ బావమరిది! మూడు వ్యాపారాలు నిండా ముంచి, నాలుగోదానికి సలహాలివ్వడానికి తీరికగా ఉన్న ఘనుడు.

"బావా, బోసి కొట్టులోకి ఎవడొస్తాడు చెప్పు? ఆ హ్యాంగర్ల కడ్డీ నిండా బట్టలు వేలాడాలి. ఒక్కోదానికి చీటీ గుచ్చు. ఎవరైనా వస్తే ఎగిరి గంతేసి ఒప్పుకోకు. రెండు వారాలు పడుతుందను. ఇక చూస్కో నీ డిమాండు!"

"ఎవరి బట్టలు తగిలించమంటావ్?"

"మీ బీరువా లేదూ?"

టైలరుకి సిగ్గేసింది. సిగ్గేసినా మర్నాడే మూట కట్టుకొచ్చాడు. తన చొక్కాలు, పొట్ట పెరిగాక పట్టని కోట్లు, పిల్లల పాత ప్యాంట్లు, అన్నీ ఇస్త్రీ చేసి తగిలించాడు. "రేపు నా బట్టలు నేను వేసుకోవాలన్నా చీటీ తెమ్మంటారా?" అంది భార్య. నవ్వుతూనే అంది గానీ, అతను తలెత్తి ఆమె వంక చూడలేదు.

వారం తిరక్కముందే నిజంగానే ఒకాయన వచ్చాడు. ఉద్యోగం కోసం ఎక్కడికో మాట్లాడ్డానికి వెళ్తున్నాడట, ప్యాంటు కావాలట, అదీ రెండు రోజుల్లో. టైలరు నోట్లో "ఇచ్చేస్తా" అనే మాట ఉంది. బావమరిది దగ్గాడు.

"రెండు వారాలు పడుతుందండీ."

ఆయన కడ్డీ వంక ఎంతో గౌరవంగా చూసి, గుడ్డ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత కోటుకి లోపలి గుడ్డ మార్చమని వచ్చినావిడా అంతే.

"చూశావా బావా, ఎలా నోరు తెరిచి చూసిందో!"

"చూసింది. వెళ్లింది" అన్నాడు టైలరు. ప్రాణం ఉసూరుమంది.

ఆ శనివారం, బావమరిది లేని వేళ, కాజాల తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడి కళ్లు నేరుగా కడ్డీ మీదికే వెళ్లాయి. పని లేదని నన్ను పంపేసి ఎవర్ని పెట్టుకున్నారని ఇప్పుడు అడుగుతాడు అనుకున్నాడు టైలరు. ఏం చెప్పాలి? అద్దెకి తెచ్చాననా? అరువు తెచ్చాననా? ఒక్క అబద్ధమూ అతకడం లేదు.

"కూర్చో తమ్ముడూ."

"కూర్చోను మాస్టారూ. తప్పు చేశాను, చెప్పి పోదామని వచ్చాను."

"నువ్వా?"

"బట్టలు కుట్టమని ఇద్దరు మా ఇంటికొచ్చారు. మీ గిరాకీ నేను తినకూడదని, కొట్టుకే వెళ్లమని పంపాను. తీరికలేదన్నారట మీరు. మళ్లీ నా దగ్గరికే వచ్చారు. ఆ ప్యాంటాయన మరీ బతిమాలాడు. ఇక కాదనలేక మా ఆవిడ మిషన్ మీద ఇద్దరికీ కుట్టిచ్చేశాను. మీకు వేరేవాళ్ల నోట తెలిస్తే బావుండదని..." అని చేతులు నలుపుకున్నాడు. తర్వాత కడ్డీ వంక చూసి, మనస్ఫూర్తిగా సంతోషపడ్డాడు పిచ్చి మారాజు. "పోన్లెండి, మీరు నిలదొక్కుకున్నారు. నాకదే చాలు."

ఎవరైనా చాచి లెంపకాయ కొట్టినా టైలరుకి అంత అవమానం అనిపించేది కాదు. తను వీధిలోకి నెట్టినవాడు తన కొట్టు నిలబెట్టాలని గిరాకీ పంపితే, తను ఆ గిరాకీని గుమ్మం దాటించాడు. పైగా వాడొచ్చి క్షమాపణ అడుగుతున్నాడు! తల కొట్టేసినట్టయింది. ఊరుకుంటే సరిపోయేది, పరువు దక్కేది. ఊరుకోలేకపోయాడు.

"అవన్నీ నావే" అన్నాడు.

"ఏవి మాస్టారూ?"

"ఆ బట్టలు. మా ఇంటివి. ఒక్కటీ గిరాకీది కాదు. చూసేవాళ్ల కోసం తగిలించాను. నువ్వు పంపినవాళ్లని వెనక్కి పంపింది తీరిక లేక కాదు తమ్ముడూ. నాకు పొద్దున్నించీ సాయంత్రం దాకా తీరికే."

కాజాల తమ్ముడు లోపలికొచ్చి ఒక చొక్కా చెయ్యి పట్టుకుని చూశాడు. పక్కది చూశాడు. పిల్లల ప్యాంటు దగ్గర ఆగిపోయాడు. నవ్వుతాడనుకున్నాడు టైలరు. నవ్వినా బావుండేది.

"నాకొక్క మాట చెప్పాల్సింది మాస్టారూ" అన్నాడతను మెల్లగా. "మా ఇంట్లో బట్టలు కూడా తెచ్చి తగిలించేవాణ్ణి కదా."