పారబోసిన గోరువెచ్చని నీళ్లు

నేనొక ఎనిమా డబ్బాను. అలా మొహం తిప్పుకోకండి నాయనా, మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకరికి నాతో పని పడే ఉంటుంది; పైకి చెప్పుకోరు, అంతే. తెల్లటి పూత, నీలం అంచు, అడుగున తోకలాగా రబ్బరు గొట్టం, అదీ నా రూపం. ఎక్కడో కొలిమిలో కాలి పుట్టి, ముందు ఒక మిషన్ ఆసుపత్రిలో కాన్పుల గదిలో, నొప్పులొచ్చినవాళ్లకు ముందుగా కడుపు కడిగే పనిలో ఉన్నాను. అది మూతపడ్డాక సిరిసిల్లలో నర్సు జయశీల సిస్టర్ చేతికి వచ్చాను. నన్ను గుడ్డసంచిలో వేసుకుని ఆమె ఇంటింటికీ తిరిగేది. మనుషులు చిత్రమైనవాళ్లు. నన్ను లోపలికి రానిచ్చే ముందు పక్కింటివాళ్లు చూశారేమోనని తొంగి చూస్తారు. పని అయ్యాక సిస్టర్‌కు చాయ్ ఇచ్చి కళ్లు తుడుచుకుంటారు.

ఆమెకు తొందరన్నది లేదు. మలం రాయిలా బిగిసిపోయిన మనిషిని ఎడమ పక్కకు తిప్పి, ముందు కొంచెం నూనె ఎక్కించి, అది నానేదాకా ఆ ఇంటి కష్టసుఖాలన్నీ వినేది. తర్వాత తొడుగు వేసిన వేలితో కొద్దికొద్దిగా చిదిపి తీసేది. చివర్లో నా వంతు. నీళ్లు నెమ్మదిగా పోవాలని నన్ను మంచానికి మూరెడు ఎత్తు దాటనిచ్చేది కాదు.

దూస ఓదెలు అక్కడే మరమగ్గాలు నడిపేవాడు. జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాడు. నొప్పికి ఇచ్చిన మాత్రలు కడుపును బిగించేవే. దానికి తోడు, కోడలు తిరిగే ఇంట్లో మంచం మీదే దొడ్డికి పళ్లెం పెట్టించుకోవడానికి సిగ్గు. బిగబట్టుకున్నాడు. పన్నెండో రోజున నీళ్లలాంటి మలంతో పక్కబట్టలు తడిశాయి. విరేచనాలనుకుంది భార్య బాలవ్వ. దానిమ్మ తొక్కల కషాయం తాగించింది, మంచినీళ్లు మానిపించింది. నాలుగు రోజులు చూసి సిస్టర్‌కు కబురు పెట్టింది.

"గీ వయసుల నాకు కాన్పు జేస్తవా సిస్టరమ్మా?" నన్ను చూసి నవ్వబోయాడు ఓదెలు. నవ్వు సగంలోనే మూలుగైంది.

"సప్పుడు జెయ్యకుండ పండు," అని అతన్ని కసిరి, బాలవ్వ సిస్టర్ వైపు తిరిగింది. "నాలుగొద్దులాయె, ఆగుతలేవు. కట్టేటి సూదేమన్న ఎయ్యి సిస్టరమ్మా."

"గట్టిగ ఎప్పుడు పోయిండు?"

"గట్టిగనా? బొక్క ఇరిగినంక ఎన్నడు పోలే. గిదంత నీళ్లే."

సిస్టర్ వేలు పెట్టి చూసింది. లోపల రాయే.

"ఇవి ఇరేచనాలు గావు బాలవ్వా. లోపట గడ్డ అడ్డం బడ్డది. దాని పక్కపొంటి కారే నీళ్లు ఇవి."

గోరువెచ్చని నీళ్లతో నన్ను నింపి కిటికీ చువ్వకు తగిలించింది. నూనె సీసా తీస్తూ అతని కడుపు మీద చెయ్యి వేసింది. కడుపు పలకలా గట్టిగా ఉంది, ఒళ్లు కాలిపోతోంది. ఆమె చెయ్యి తీయగానే ఓదెలు గావుకేక పెట్టాడు. మరుక్షణం నన్ను దించి నీళ్లు వాకిట్లో పారబోసింది.

"ఆటో పిలువుండ్రి. కరీంనగర్ తీస్కపోవాలె."

"డబ్బ పెట్టు సిస్టరమ్మా, పోతది!" అంటూ బాలవ్వ నన్ను గుంజుకోబోయింది.

"ఇప్పుడు పెడితే సంపినట్టే."

ఆ గడ్డ ఒరిపిడికి పేగు చిల్లిపడిందట. కోసి చూశారు. మూడో రోజున ఓదెలు పోయాడు.

దినాలయ్యాక బాలవ్వ సిస్టర్ ఇంటికి వచ్చింది. అప్పుడు నేను సిస్టర్ చేతుల్లో ఉన్నాను, కడిగి తుడుస్తోంది. బాలవ్వ గడప మీదే కూలబడింది.

"కసాయం తాపింది నేనే. నీళ్లు బందు బెట్టింది నేనే. పక్క తడిసిన నాడే నిన్ను పిలుస్తే బతికేటోడా సిస్టరమ్మా?"

సిస్టర్ తలెత్తలేదు. "లేదు బాలవ్వా. అప్పుడు పిలిచినా గింతే."

బాలవ్వ చాలాసేపు ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. ఎప్పుడో ఆరిపోయిన నన్ను సిస్టర్ ఇంకా తుడుస్తూనే ఉంది.

ఇప్పుడు అన్నీ ప్లాస్టిక్ సంచులే. నేను పూత పెచ్చులూడి, ఆమె ఇంటి అటక మీద పడి ఉన్నాను. జయశీల నాకు తెలిసి ఆడిన అబద్ధం అదొక్కటే. ఆ రోజే పిలిచి ఉంటే నూనె, వేలు, నేను, ఇంతే సరిపోయేది.