చివరి వరసలో సుడి

మా బావ గుడుల మరమ్మతులు చేయించే కాంట్రాక్టరు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. అలాంటివాడు అక్కనూ నన్నూ సొంత కారులో తిప్పి పాత జైన క్షేత్రం చూపిస్తానన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కొండంతా మెట్లే. అక్క సగంలోనే కూలబడింది. పైన గర్భగుడిలో నిలువెత్తు జినుడు, ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి ఉన్నాడు. పక్కన ఆలయ అధికారి, చేతిలో కాగితంతో.

"మా బావమరిది. ఇరవై ఏళ్లుగా రాతిపనిలోనే ఉన్నాడు," అంటూ బావ నన్ను ముందుకు తోశాడు.

"ఎవడో ఆకతాయి విగ్రహం మార్చేశారని ఫిర్యాదు పెట్టాడండీ," అన్నాడు అధికారి. "వెయ్యేళ్లనాటిదేనని మీలాంటివారి సంతకం ఉంటే ఆ గోల వదిలిపోతుంది."

టార్చి తీసుకుని విగ్రహం వెనక్కి వెళ్లాను. జినుడి జుట్టంతా చిన్నచిన్న సుడులు. అన్నీ కుడికే తిరగాలి. నాది ఎడమచేతి వాటం, ఆదమరిస్తే ఉలి అటే లాగుతుంది. మూడేళ్ల క్రితం మ్యూజియం కోసమని బావ ఫొటోలు చూపించి నాతో చెక్కించిన జినుడి నకలులో అలా ఒక్క సుడి తప్పింది. మెడ దగ్గర, చివరి వరసలో.

వెలుగు అక్కడ పడింది. సుడి ఎడమకు తిరిగి ఉంది.

బావ వెనకే వచ్చాడు.

"అసలుది ఏది బావా?"

"సముద్రం దాటింది. మెల్లగా మాట్లాడు."

"నేను సంతకం పెట్టను."

"మానెయ్. పోలీసులొచ్చి ఇది చెక్కిందెవరని అడుగుతారు. పుర్రచెయ్యి ఎవరిదో ఊరంతా చెబుతుంది. మ్యూజియం కథ వాళ్లకు చెప్పుకో, నమ్మితే నీ అదృష్టం."

"మరి మీరో?"

"నేనూ లోపలికే. మీ అక్క ఇద్దరికీ క్యారియర్ మోస్తుంది."

అప్పుడే అక్క రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది. విగ్రహాన్ని చూసి రెండు చేతులూ జోడించింది.

"ఎంత ప్రశాంతమైన ముఖంరా తమ్ముడూ! ఇప్పుడెవరైనా ఇలా చెక్కగలరా?"

"ఎక్కడమ్మా! ఆ చేతులు ఎప్పుడో పోయాయి," అన్నాడు అధికారి.

బావ పెన్ను మూత తీసి అందించాడు.

నకళ్లకు పేరు వేసుకోకూడదన్నది మా పనిలో కట్టుబాటు. ఇరవై ఏళ్లలో ఏ రాతి మీదా నేను పేరు వేసుకోలేదు. ఆ రోజు మొదటిసారి నేను చెక్కిన విగ్రహానికి సంతకం పెట్టాను. అది నాది కాదని.