పన్నెండు వందల కిలోమీటర్లు

పెట్టెలోంచి మా అత్తగారి స్వెటర్లు తీస్తున్నాను. మోచేతుల దగ్గర చిరిగాయట, రఫూ చేసి మళ్ళీ పట్టుకెళ్ళాలి. నిన్న సాయంత్రమే ఆవిడ ఉండే త్రోమ్సో నుంచి బెర్గెన్‌లో మా ఇంటికి వచ్చాను. మా ఆయన షూర్ ఫ్రిజ్ దగ్గర నిలబడి, బాత్రూమ్ కడిగినందుకు పనుల కాగితంలో తన గడిలో టిక్కు పెట్టుకుంటున్నాడు. మా నార్వేలో సమానత్వాన్ని ఫ్రిజ్‌కి అయస్కాంతంతో అంటిస్తారు. గడులు గీసి, ఇంటిపనులన్నీ చెరి సగం. చూసినవాళ్ళు ముచ్చటపడతారు.

షూర్ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిరావడానికి మాత్రం ఆ కాగితంలో గడి లేదు. ఒకసారి అడిగాను.

"అది పనెలా అవుతుంది రాన్వైగ్? విమానంలో కూర్చోవడమేగా. రెండు గంటలు," అన్నాడు.

విమానాలకి గాలి ఎటు వీస్తుందో చెప్పే ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నదాన్ని. ఆ పన్నెండు వందల కిలోమీటర్లకి ఎంతసేపు పడుతుందో నాకు చెబుతున్నాడు! ఓస్లోలో విమానం మారి, మా గుమ్మం నుంచి ఆవిడ గుమ్మానికి ఎనిమిది గంటలు. అందులో కూర్చునే ఆ కాసేపే నాకు విశ్రాంతి. దిగగానే, కోటు విప్పకముందే మెట్ల మీద మంచు తీయాలి. తుంటి ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఆవిడకి స్నానం కూడా నేనే చేయించాలి. మొన్న నేను మోకాళ్ళ మీద వంగి నేల తుడుస్తుంటే ఆవిడ ఫోన్ పెట్టేసి, "నా కొడుకు బంగారం. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. ఎంత తీరిక చేసుకుంటాడో పాపం!" అంది. ఒళ్ళు మండిపోయింది. బకెట్‌లో నీళ్ళు మార్చుకొచ్చాను.

అదే త్రోమ్సోలో, మా శాఖ ఆఫీసులో, నాకు పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు. ఉత్తరాది ఆకాశమంతటికీ గాలి లెక్కలు నా చేతికిందే. సోమవారం మధ్యాహ్నంలోగా జవాబు చెప్పాలి, ఒప్పుకుంటే వచ్చే నెల మొదట్లోనే చేరాలి. నాకు యాభై ఒకటి, ఇలాంటిది మళ్ళీ రాదు.

కాఫీ తాగుతూ షూర్‌కి చెప్పాను.

"త్రోమ్సోలోనా? వారం వారం అంత దూరమా? మతుండే మాట్లాడుతున్నావా? దేశానికి ఆ చివర!"

"పోయిన చలికాలం తొమ్మిదిసార్లు వెళ్ళొచ్చాను కదా."

"అది వేరు. అది అమ్మ కోసం."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కోపంగా అన్నా బాగుండేది. ఎంత మామూలుగా అన్నాడో! వాళ్ళమ్మ కోసం వెళితే త్రోమ్సో పక్కవీధి. నా కోసం బయల్దేరితే దేశానికి ఆ చివర. ఒకటే విమానాశ్రయం, ఒకటే రన్‌వే. మనిషి మంచివాడని, వంట కూడా చేస్తాడని, ఇన్నాళ్ళూ నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఇక చెప్పుకోలేను.

స్వెటర్లు పక్కకి నెట్టి లాప్‌టాప్ తెరిచాను. చేరుతున్నానని రెండు ముక్కలు రాసి పంపేశాను.

షూర్ ఫోన్ చూసుకుంటున్నాడు. "అన్నట్టు, వచ్చే నెల మూడున అమ్మని ఆసుపత్రిలో చూపించాలి. నీ టికెట్ తీసేస్తున్నా. రానూ పోనూనే కదా?"

"పోవడానికే తియ్యి," అన్నాను. "నీకూ ఒకటి తీసుకో, రానూ పోనూ. మూడో తారీకు కొత్త ఆఫీసులో నా మొదటి రోజు. మీ అమ్మని ఆసుపత్రికి నువ్వు తీసుకెళ్తావు."