గుర్వయ్య కర్ర, బూర్నయ్య భయం

ఊళ్లలో కుక్కను ఎవరూ తెచ్చుకోరు, అదే వెంటబడి వస్తుంది. గుర్వయ్య ఇంటికి మాత్రం కుక్క దత్తత వచ్చింది. ఆ మాట విని చిట్యాల పక్కనున్న ఆ ఊళ్లో గొర్రెలు కాసే కుర్మోళ్ల వాడంతా కడుపుబ్బ నవ్వింది.

నవ్వరా మరి! మందను కాసిన ముసలి కుక్క హైవే మీద లారీ కింద పడి పోయింది. ఊరకుక్కలు గుంపులుగా వచ్చి గొర్రెపిల్లలను ఎత్తుకుపోతున్నాయి. షాద్‌నగర్‌లో కంపెనీ పని చేసుకునే కూతురు హరిత, అక్కడ దెబ్బలు తిన్న వీధికుక్కలను సాకే షెల్టర్ నుంచి ఒక ఎర్రకుక్కను ఆటోలో పెట్టుకుని తెచ్చింది.

"ఊకెనే ఇయ్యరమ్మా. దత్తత తీసుకుంటున్నమని సంతకం పెట్టాలె. బాపు పేరు మీద పెట్టిన" అంది.

జానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "కొడుకు లేడు, కొడుకు లేడని ఏడుస్తివి గదయ్యా. ఇగో, వచ్చిండు. మూతి జూడు, అచ్చం నీ లెక్కనే ఉంది" అని మొగుణ్ని ఆట పట్టించింది. జానమ్మ తమ్ముడు ఐలేశం, తనూ గొర్రెలు కాసేవాడే, గడప దగ్గరే నిలబడి, "ఇల్లరికమా బావా, దత్తతనా, ముందుగాల తేల్చు" అన్నాడు. షెల్టర్‌లో దాని పేరు బ్రూనో. గుర్వయ్య నోరు తిరగక బూర్నయ్య చేశాడు.

నవ్వులు తెల్లారేసరికి అయిపోయాయి. పొద్దున్నే మందను తోలడానికి గుర్వయ్య తలుపు వెనక నుంచి కర్ర తీశాడు. అంతసేపూ రొట్టెముక్క తింటున్న బూర్నయ్య నిలబడ్డ చోటనే ఉచ్చ పోసుకుంది. పొట్ట నేలకు రాసుకుంటూ మంచం కిందికి దూరి, మధ్యాహ్నందాకా బయటికి రాలేదు.

హరిత, ఆ షెల్టర్‌లో పనిచేసే స్నేహలతకు ఫోన్ కలిపి తల్లికి ఇచ్చింది. "ఇంతకుముందు ఎవరో దాన్ని కట్టేసి కర్రలతో కొట్టేవాళ్లమ్మా. పక్కటెముకలు విరిగి అతుక్కున్నాయి. మీ వల్ల కాకపోతే వాపస్ ఇవ్వండి, తప్పేం లేదు" అంది స్నేహలత.

జానమ్మకు అదే నయమనిపించింది. కర్ర పట్టని కాపరి ఎక్కడున్నాడు? కర్ర చూసి దాక్కునే కాపలా కుక్క ఎందుకు పనికొస్తుంది? గుర్వయ్య మాత్రం మంచం కిందికి వంగి చూసి, "దత్తత తీసుకున్నోన్ని వాపస్ ఇస్తరానే?" అన్నాడు. వేళాకోళంగా అన్నాడనుకుంది జానమ్మ. మర్నాడు ఆయన కర్రను తలుపు వెనకే వదిలి, భుజాన గొంగడి, చేతిలో తువ్వాల పట్టుకుని బయలుదేరితే గానీ ఆమెకు అర్థం కాలేదు.

తండ్రి చేతి నుంచి వచ్చిన కర్ర అది. అది లేకుండా గుర్వయ్య పెళ్లిపందిట్లోకి కూడా పోయినవాడు కాదు. అలాంటివాడు నోటితో అదిలించి, తువ్వాల విసిరి మందను మలపడం నేర్చుకున్నాడు. గొర్రెలకు తుమ్మకాయలు రాల్చాలంటే ముళ్లు గీరుకుంటూ చెట్టెక్కాడు. తోటి కాపరులు ఎగతాళి చేసినా పట్టించుకోలేదు. బూర్నయ్య మొదట్లో ఆయనకు దూరంగా నడిచింది, తర్వాత పక్కన నడిచింది, ఆ తర్వాత ఆయన మోకాలికి రాసుకుంటూ నడిచింది. వానలు పడేనాటికి ఒక్క ఊరకుక్కను మంద దరిదాపులకు రానివ్వలేదు.

"బావ దినమంత కుక్కతోని ముచ్చట్లు పెడ్తుండక్కా" అని ఐలేశం చెప్పినప్పుడు జానమ్మకు నవ్వుతో పాటు కాస్త కడుపుమంట కూడా కలిగింది. ఇంటికొస్తే ఆ మనిషికి నోట్లో మాట ఉండదు. అన్నం పెడితే తింటాడు, పక్క వేస్తే పడుకుంటాడు. ఆ కుక్కతో ఏం చెబుతాడో, తనతో చెప్పనిది!

చలికాలంలో ఒకనాడు చెరువు అవతల గుర్వయ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఎడమపక్క మొత్తం పడిపోయింది. ఎప్పుడూ పెద్దగా మొరగని బూర్నయ్య ఆయన మీద నిలబడి గొంతు చించుకుంది. ఎక్కడో ఉన్న ఐలేశం ఆ అరుపు విని పరుగెత్తుకొచ్చాడు. అతని చేతిలో కర్ర ఉంది. దాన్ని చూసి కుక్క గజగజ వణికింది, ఉచ్చ పోసుకుంది, కానీ గుర్వయ్యను విడిచి కదల్లేదు. "గా కుక్క లేకుంటే బావ దక్కకపోవు" అని ఐలేశం దవాఖాన వరండాలో ఏడుస్తూ చెప్పాడు.

నల్గొండ దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ జానమ్మకు ఒక్కటే మాట చెప్పాడు. కర్ర పట్టుకుని రోజూ నడవాలి. ఈ కొన్ని నెలల్లో కాలు ఎంత తిరిగొస్తే అంతే. పడుకుంటే పట్టేస్తుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. హరిత ఇనుప కర్ర కొనుక్కొచ్చింది. గొర్రెలు ఐలేశం మందలో కలిశాయి.

గుర్వయ్య ఇంటి ముందు ఆటో దిగగానే బూర్నయ్య ఎగిరి గంతులేసింది. ఆయన కర్ర నేల మీద ఆనించి టక్కుమనిపించాడు. కుక్క అక్కడికక్కడే ఆగింది. వెనక్కి వెనక్కి నడిచి, గోడ దూకి, వాకిలి అవతల నిలబడింది. గుర్వయ్య వంకరపోయిన మూతితో దాన్ని పిలిచాడు. తోక ఆడించింది గానీ రాలేదు.

దేవుడు ఇంత వెటకారం చేస్తాడా అని జానమ్మకు ఒళ్లు మండింది. కుక్క కోసం కర్ర వదిలిన మనిషికే ఇప్పుడు కర్ర లేకపోతే కాలు లేదు.

గుర్వయ్య నడవడం మానేశాడు. ఆమె పొలం నుంచి వచ్చేసరికి కర్ర గొంగడిలో చుట్టి మంచం కింద ఉండేది, కుక్క మంచం పక్కన ఉండేది. "నడిసినవా?" అంటే "నడిసిన" అనేవాడు. పాదం మీద దుమ్ము లేకపోవడం ఆమెకు కనబడేది. కుక్క ఆయన ఎడమ పాదం మీద తల పెట్టుకుని పడుకునేది. ఆ పాదానికి స్పర్శ లేదు. అక్కడ తల ఉందని ఆయనకు చూస్తేనే తెలిసేది. అందుకేనేమో, కన్నార్పకుండా దాన్నే చూస్తుండేవాడు.

జానమ్మ మళ్లీ స్నేహలతకు ఫోన్ చేసింది. ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. కర్రను వాకిట్లో నేల మీద పడేసి ఉంచండి, దాని పక్కనే అన్నం పెట్టండి, రోజూ కాస్త దగ్గరికి జరపండి, భయం పోతుంది, కానీ తొందరపెట్టకండి.

"ఎన్ని దినాలు పడ్తది బిడ్డా?"

"చెప్పలేమమ్మా. నెలలు కూడా పట్టొచ్చు."

కుక్కకు నెలలు కావాలి. కాలుకు నెలలు లేవు. అయినా జానమ్మ ఆ పిల్ల చెప్పినట్టే చేసింది. తలుపు వెనకున్న పాతకర్రను వాకిట్లో పడేసి పక్కన అన్నం గిన్నె పెట్టింది. బూర్నయ్య మెడ ఎంత సాగుతుందో అంతా సాచి, కర్ర మీద నుంచి కన్ను తీయకుండా రెండు మెతుకులు నాకి పారిపోయేది. మొగుడి కాలేమో రోజురోజుకీ లోపలికి తిరుగుతోంది. ఆ రెంటినీ చూడలేక ఆమెకు రంపపు కోత అయిపోయింది.

ఒకరోజు పొద్దున ఇక ఊరుకోలేదు. "లే అయ్యా. ఇయ్యాల నడువకుంటే నేను ముద్ద ముట్ట" అని చంకలో చెయ్యి వేసి లేపి, ఇనుప కర్ర చేతిలో పెట్టింది. నాలుగు అడుగులు బాగానే పడ్డాయి. వాకిట్లోకి రాగానే గుర్వయ్యకు గోడ అవతల బూర్నయ్య కనబడింది. ఆయన నవ్వి, పక్కనే జానమ్మ ఉంది కదా అన్న ధీమాతో కర్ర వదిలేసి, కుక్కకు చెయ్యి చాచాడు. జానమ్మకు పట్టు దొరకలేదు. మనిషి మొహం బండకు కొట్టుకునేలా పడిపోయాడు. నుదురు చిట్లి రక్తం కారింది.

బూర్నయ్య గోడ దూకి వచ్చింది. నేల మీద ఇనుప కర్ర ఉంది, దాని పక్కనే పాతకర్ర ఉంది. ఆ రెంటినీ దాటి, ఒళ్లంతా వణుకుతూనే వచ్చి, ఆయన నుదుటి మీది రక్తం నాకింది.

జానమ్మ కంటికి రక్తం, కుక్క నోరు తప్ప ఇంకేమీ కనబడలేదు. పాతకర్ర తీసింది. "నీ పాడుగాను, నీ వల్లనే!" అని బలమంతా పెట్టి దాని నడుం మీద కొట్టింది.

అది అరవలేదు. అన్నం పెట్టిన చేతిని, ఆ చేతిలో కర్రను చూసి, కుంటుకుంటూ గేటు దాటి పోయింది. గుర్వయ్య నేల మీద పడే ఉండి, "అది కర్ర దాటొచ్చిందే, జానమ్మ" అన్నాడు. తిట్టినా బాగుండేది. కర్ర చేతిలోనే పట్టుకుని ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ మర్నాటి నుంచి గుర్వయ్య నడిచాడు. డాక్టర్ చెప్పినదానికంటే ఎక్కువ నడిచాడు. ఇనుప కర్ర టక్కు టక్కుమనిపిస్తూ, ఎడమకాలు ఈడ్చుకుంటూ, వాడవాడా తిరిగి బూర్నయ్యను పిలిచాడు. కాలు కుదురుకుంటోందని హరిత ఫోన్‌లో సంబరపడింది. కానీ ఆ కర్ర చప్పుడు వినబడినంతసేపు కుక్క రాదని ఆయనకు తెలుసు, కర్ర లేకుండా తాను పోలేనని కూడా తెలుసు.

చివరికి ఐలేశమే వచ్చి చెప్పాడు, మూతబడ్డ ఇటుకబట్టీ దగ్గర ఉందని. సాయంత్రం మొగుడూపెళ్లాలిద్దరూ పోయారు. పాత ఇటుకల దిబ్బ మీద బూర్నయ్య నిలబడి ఉంది, బాగా చిక్కిపోయింది. కర్రను చూసి దిబ్బ దిగిపోబోయింది.

"కర్ర నాకియ్యి. నా భుజం పట్టుకో" అంది జానమ్మ. కర్ర వెనక్కి విసిరేసి ఆయన బరువంతా భుజాన మోసింది. కుక్క కదల్లేదు. ఇప్పుడు అది కర్రను చూడటం లేదు, ఆమెనే చూస్తోంది.

గుర్వయ్యకూ అది అర్థమైంది. "నన్ను గిక్కడ కూసోవెట్టి, నువ్వు జర అవతలికి పోతవా?" అన్నాడు, బతిమాలుతున్నట్టు.

ఆమె ఆయన్ను నేల మీద కూర్చోబెట్టి, ఎడమకాలు సర్ది చాపింది. దారిలో పడిన కర్ర తీసుకుని బట్టీ గోడ వెనక్కి పోయింది. గోడకు ఆనుకుని చెవులు రిక్కించింది. తర్వాత ఇటుక ముక్కలు జారిన చప్పుడు, ఆ తర్వాత ముద్దముద్దగా మొగుడి మాటలు వినబడ్డాయి. ఇన్నాళ్లూ కుక్కతో ఏం చెబుతాడా అనుకున్న మాటలు.

"వచ్చినవా కొడుకా... మీ అమ్మ కొట్టింది గదరా. మనసుల పెట్టుకోకు. నేను యాడ పోతనో అని భయమైంది దానికి. నీ అసుంటిదేరా అది గూడ. భయమైతే ఏం జేస్తుందో దానికే ఎరుకలేదు."

జానమ్మ చేతిలోని కర్రను చప్పుడు కాకుండా నేల మీద పెట్టింది. పరుగెత్తుకుపోయి ఇద్దరి మీదా పడి ఏడవాలనిపించింది. కానీ తాను గోడ దాటితే అది పోతుంది. పొద్దు గూకుతోంది, మంచు పడకముందే ఆయన్ను ఇంటికి తీసుకుపోవాలి. ఇంకాసేపు చూద్దామని ఆమె కొంగు నోట్లో కుక్కుకుని గోడ వెనకే కూర్చుంది.