మధ్యలో ఖాళీ ఫ్రేము

చెత్తడబ్బాల్ని ఫోటో తీసి, ఫ్రేము కట్టించి, హాల్లో సోఫా పైన తగిలించే మనిషిని నేను పెళ్లి చేసుకున్నాను. గోడంతా అలాంటివే. మంచు తీసేసిన రోడ్డు, వరసగా నిలబడ్డ మెయిల్ బాక్సులు, సగం ఎత్తిన పక్కింటి గరాజ్ తలుపు. అన్నీ మేముండే సబ్‌డివిజన్ కాలనీలోవే, అన్నీ పాత ఫిల్మ్ కెమెరాతో తీసినవే. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. ఇంటికొచ్చినవాళ్లు "ఏ ఊరండీ ఇది?" అని మెచ్చుకుంటూ అడిగితే, "మీరు ఇప్పుడు కారు పార్క్ చేసిన వీధే," అని చెప్పాల్సి రావడం నాకు ఒళ్లుమండే పని.

"ఇంత నోవై ఊళ్లో మనుషులే కరువయ్యారా రఘూ? కనీసం ఇంట్లో పెళ్లాం ఉంది కదా!" అనేదాన్ని.

"మనుషులు కెమెరా చూడగానే సర్దుకుంటారు వల్లీ. చెత్తడబ్బాలు సర్దుకోవు."

నాకు కోపం ఎక్కువ. దాన్ని రెచ్చగొట్టి నవ్వుకోవడం రఘువీర్‌కి సరదా. ఇప్పుడు ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

పోయిన చలికాలం కాన్సర్ అతన్ని ముందుగది కిటికీ పక్కన కుర్చీలో కూలేసింది. కెమెరా ఒళ్లో పెట్టుకుని వీధిని చూస్తూ ఉండేవాడు. ఒకరోజు గోడమీద ఫ్రేములన్నీ నాచేత జరిపించి, సరిగ్గా మధ్యలో ఒక పెద్ద ఖాళీ ఫ్రేము పెట్టించాడు.

"దీంట్లో ఏం పెడతావు?"

"తీసేశాను. ల్యాబ్‌కి పంపాలంతే. నువ్వు మాత్రం అడక్కు."

అడిగాను. పోట్లాడాను కూడా. చెప్పలేదు.

తీసిన రీళ్లని ఫ్రిజ్‌లో దాచేవాడు, చల్లగా ఉంటే పాడవవని. డబ్బా అంటూ ఏదీ పారేయని వంశం వాళ్లది. వాళ్లమ్మ హార్లిక్స్ సీసాల్లో కందిపప్పు పోస్తే, ఈయన ఫార్మసీ వాళ్లిచ్చిన మందుసీసాలు కడిగి ఆరబెట్టి, ఒక్కో రీలునీ టిష్యూలో చుట్టి వాటిలో పెట్టేవాడు. సీసాల మీద అతని పేరూ మందు పేరూ అలాగే ఉండేవి.

ఫిబ్రవరిలో పోయాడు.

ఆ రోజులు నాకు సరిగా గుర్తులేవు. ఇంటినిండా జనం. ఎవరో వండారు, ఎవరో తినిపించారు. శుద్ధి రోజుకి ముందు అందరూ కలిసి ఇల్లంతా కడిగారు. వెనక వీధిలో కొడుకు అనీష్ దగ్గరుండే నాగమల్లేశ్వరి ఆంటీ వంటగది పని తన మీద వేసుకున్నారు. నేను ఆఫీస్‌కి వెళ్లిన మధ్యాహ్నాల్లో రఘుకి తోడు కూర్చున్నదీ ఆవిడే.

మార్చిలో ఒక శనివారం మనసు గట్టి చేసుకుని ఫ్రిజ్ తెరిచాను, రీళ్లు ల్యాబ్‌కి పంపుదామని. సీసాలు లేవు. ఫ్రీజర్ వెతికాను. గరాజ్‌లో ఫ్రిజ్ వెతికాను. కెమెరా తెరిచి చూశాను, ఖాళీ. అనీష్ భార్య అవనికి ఫోన్ చేస్తే, "ఫ్రిజ్ అంతా అత్తయ్యే క్లీన్ చేశారు అక్కా," అంది.

సాయంత్రం ఆంటీయే వచ్చారు, చేతిలో గోంగూర పప్పు గిన్నెతో. గుమ్మంలోనే నిలబెట్టేశాను.

"ఫ్రిజ్‌లో మందుసీసాలు ఉండాలి ఆంటీ. ఏవి?"

"అయ్యో, అవింకా ఎందుకమ్మా? ఆ రోజే తీసేశాగా. పోయినవాళ్ల మందులు ఇంట్లో ఉంచకూడదు. నీ కంటపడితే బాధపడతావని కవర్లో గట్టిగా కట్టి, బయట డబ్బాలో వేశాను. మర్నాడు పొద్దున్నే బండివాడొచ్చి ఎత్తుకెళ్లేదాకా నిలబడి మరీ చూశాను."

ఎవరు ముట్టుకోమన్నారు మిమ్మల్ని అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అప్పటికే ఆవిడ చెప్పులు విప్పి, హాల్లోకి నడిచి, ఖాళీ ఫ్రేము ముందు ఆగిపోయారు.

"నీ ఫోటో ఇంకా పెట్టలేదేం?"

"నా ఫోటోనా?"

"చెప్పొద్దన్నాడు పిచ్చినాయన. ఇప్పుడింక దాచి ఏం చేస్తాను?" ఆవిడ కొంగుతో కళ్లొత్తుకున్నారు. "ఆ రోజు ఒకటే మంచు. నువ్వు ఆఫీస్‌కి బయల్దేరబోతూ రఘు జాకెట్ వేసుకుని, పార పట్టుకుని, డ్రైవ్‌వేలో మంచుని తిడుతున్నావు. మాటలు వినపడకపోయినా తిడుతున్నావని మా ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. నవ్వీ నవ్వీ ఆయాసపడ్డాడు. అది తగ్గాక కెమెరా ఎత్తాడు. చెయ్యి వణుకుతుంటే మోచెయ్యి నేనే పట్టుకున్నాను. 'ఇన్నేళ్లూ ఖాళీ వీధినే తీశాను ఆంటీ. వల్లి ఉంటే ఎంత బాగుందో చూడండి,' అన్నాడు."

నేను అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. రఘు తన కెమెరాతో తీసిన ఒకే ఒక్క మనిషిని నేను. ఆ నేను ఏ చెత్తగుట్టలోనో, అతని పేరున్న మందుసీసాలో, టిష్యూ చుట్టుకుని ఉన్నాను. ఆవిడ మీద, రఘు మీద, అతను దాచుకున్న ప్రతి దిక్కుమాలిన డబ్బా మీద కోపమొచ్చింది. ఆంటీ పక్కన కూర్చుని నా వీపు నిమురుతున్నారు. అతని మోచెయ్యి పట్టుకున్న చెయ్యీ, కవరు ముడేసిన చెయ్యీ అదే. ఆ చేతిని పట్టుకునే గుండె పగిలేలా ఏడ్చాను.

"ఊరుకోమ్మా. ఎప్పుడు కడిగిస్తావు ఆ ఫోటోని? నాకూ చూడాలనుంది."

ఆవిడ మొహం చూశాక నిజం చెప్పలేకపోయాను.

"ల్యాబ్‌కి పంపాను ఆంటీ."

ఇప్పుడు వారం వారం వస్తారావిడ. చెప్పులు విప్పి, కూర గిన్నె నా చేతిలో పెట్టి, ముందు గోడ దగ్గరికే వెళ్తారు.

"ఇంకా రాలేదా?"

"ఇంకా లేదు ఆంటీ."

"వస్తుందిలేమ్మా," అంటారు నా తల నిమిరి. "ఎక్కడికి పోతుంది?"